బుల్లమ్మ హోటల్‌కు వచ్చిన ప్యాకేజీ

ఆ రోజు టీవీలో వినిపించిన ముక్కలో బుల్లమ్మకు తెలియని మాట ఒక్కటి కూడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కరోనా ఏడు అది. వండూర్ జెట్టీకి తాళం పడి రెండు నెలలు కావస్తోంది. పార్కు దీవులకు టూరిస్టులను తిప్పే పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. వాటి అడుగున నాచు పట్టింది. వానలు అప్పుడే మొదలయ్యాయి. పని లేక ఇంట్లో కూర్చున్న బుల్లమ్మ, కూతురు గవరమ్మ పెట్టిన హిందీ వార్తలు వింటోంది. దేశానికి పెద్ద ప్యాకేజీ ఇస్తున్నారనీ, హోటళ్లకు ట్యాక్స్ హాలిడే కూడా ఉండొచ్చనీ అందులో చెప్పారు. ప్యాకేజీ, హోటల్, హాలిడే. ముప్పై ఏళ్లుగా ఈ మూడు మాటల మీదే బతికిన మనిషి ఆమె. పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం గుమ్మం నుంచి వండూర్ ఒడ్డు దాకా ప్రతి రెండో బోర్డు మీదా ఉండేవి ఇవే. ప్యాకేజీ అంటే మూడు రాత్రులు నాలుగు రోజులకని గుంపుగా వచ్చి దిగే జనం. హాలిడే అంటే వాళ్లు చేసుకునేది. హోటల్ అంటే జెట్టీ రోడ్డు పక్కన ఆరు బల్లలున్న తన రేకుల షెడ్డు.

“ఎన్ని రోజుల ప్యాకేజీ అంటన్నారే?” అని కూతుర్ని అడిగింది.

గవరమ్మ ఫోన్లోంచి తల ఎత్తకుండానే, “పాంచ్ దిన్ అమ్మా. రోజుకో ముక్క సెప్తారంట,” అంది.

గవరమ్మ అన్నది ఢిల్లీవాళ్ల సాయం ప్రకటన గురించి, అందులో హాలిడే అంటే కొన్నేళ్లు పన్ను మినహాయింపు. ఒక్కరోజులో చెప్పేంత చిన్నది కాదట, ఐదు రోజులు వాయిదాలుగా చెబుతారట. బుల్లమ్మ విన్నది మాత్రం నాలుగు రాత్రులు ఐదు రోజులు. ఇంతకాలం చూసిన ప్యాకేజీలకన్నా ఒక రోజు ఎక్కువే. సర్కారువారే పంపిస్తున్నారంటే జనం బాగానే వస్తారనుకుని లేచి వెళ్లి, హోటల్లో మూతలు పెట్టిన పెద్ద గిన్నెలు బయటకు తీసి బూడిదతో తోమడం మొదలుపెట్టింది. మొగుడు నూకయ్య వచ్చి ఎవరింట్లో శుభకార్యమని అడిగితే సంగతి చెప్పింది. ఆయనేమన్నా తక్కువ తిన్నాడా, అయితే చేప కావాలి కదా అంటూ తన డుంగీ ఇంజను చూసుకోవడానికి ఒడ్డుకు పోయాడు. డుంగీ అంటే ఇక్కడి చిన్న ఇంజను పడవ. సాయంత్రానికి గవరమ్మ విషయం కనిపెట్టి, నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వింది. ఆ వీధి వీధంతా వారం రోజులు నవ్వుకుంది. బుల్లమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వింది. ఇంతోటి దానికి మూడు కుండల బూడిద తగలేశానని తనను తానే ఆడిపోసుకుంది.

కానీ ఆమెను వెర్రిబాగులదని అనుకోవద్దు. అలా అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆమెకు తెలిసినంత లోకం వార్తలు చదివినాయనకు తెలుసునని నేను నమ్మను.

బుల్లమ్మ పుట్టింది బాంబూఫ్లాట్‌లో. తండ్రి జోగులు శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు మనిషి. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దీవుల్లో మనుషుల్ని నిలబెట్టాలని సర్కారు పిలిస్తే, పడవ ఇస్తారు, వల ఇస్తారు, జాగా ఇస్తారు అని విని ఓడెక్కేశాడు. జాగా ఇచ్చారు. వల ఒకటి ఇచ్చారు. పడవ మాత్రం వచ్చే ఓడలో వస్తుందన్నారు. జోగులు ఎనిమిదేళ్లపాటు వచ్చిన ప్రతి ఓడకూ రేవు దాటి వెళ్లి చూసొచ్చేవాడని చెబుతారు. తొమ్మిదో ఏట ఇక చాలనుకుని ఒకరి పడవలో కూలికి కుదిరాడు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. బుల్లమ్మ ఆ రెండిటి మధ్య పెరిగి, బడి మొహం చూడకుండా పద్దెనిమిదో ఏట వండూర్‌లో నూకయ్యకు పెళ్లాంగా వచ్చింది.

వచ్చిన కొన్నేళ్లకే సముద్రం పార్కయింది. సముద్రాన్ని పార్కు చేయడమేమిటని నూకయ్యకు ఇప్పటికీ అర్థం కాలేదు. తాతలనాటిది కాకపోయినా తండ్రినాటి నుంచి వలేసిన చోట ఇక వలేయకూడదన్నారు. చేపలు చూడటానికి వచ్చేవాళ్లకు మాత్రం అడుగున అద్దమున్న పడవలు పెట్టారు. చేపలను పట్టేవాడికి మూసి, చూసేవాడికి తెరిచారు. అలా ఒక రోజు గాలివానకు పడవ కదలక ఇరవైమంది కలకత్తావాళ్లు జెట్టీలో తడుస్తూ ఆకలికి అల్లాడుతుంటే, బుల్లమ్మ ఇంట్లో ఉన్న బియ్యమంతా వండి, పొద్దుట వలలో పడ్డ కవ్వళ్ల చేపలు పులుసు పెట్టి తెచ్చింది. తిన్నవాళ్లు చేతులు కడుక్కుంటూ ఇక్కడ హోటల్ ఎక్కడుందని అడిగారు. ఇదేనంది. ఆ మాట ఎందుకన్నదో తనకే తెలియదు. మర్నాటి నుంచి అది హోటలయింది.

దాన్ని సునామీ ఎత్తుకుపోయింది. గిన్నెలూ బల్లలే కాదు, కింద నేల కూడా కొంత నీటిపాలయింది. తర్వాత సాయం కింద బెస్త కుటుంబాలకు ఒడ్డు దగ్గర షెడ్లు వేసుకోవడానికి కాగితాలిచ్చారు. కాగితం మీద ఉన్నది వలలూ పనిముట్లూ దాచుకునే షెడ్డు అని. నూకయ్య పేరున వచ్చిన ఆ షెడ్డులో సగం వలలు పెట్టి, సగంలో ఆరు బల్లలు వేసి బుల్లమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది. ఈ సంగతి తెలియనివాళ్లు ఆ ఒడ్డున లేరు. కాగితం ఇచ్చిన ఆఫీసువాళ్లే తనిఖీకి వచ్చి మధ్యాహ్నం ఆ బల్లల మీదే కూర్చుని వంజరం వేపుడు తిని, వలల షెడ్డు సవ్యంగా ఉన్నదని రాసుకుపోయేవారు. పదిహేనేళ్లు అలా సాగింది. గవరమ్మ పదో తరగతిలో ఉండగా షెడ్డు నుదుటిమీద మూడు భాషల్లో పేరు రాసింది. హిందీ బాగానే కుదిరింది. తెలుగులో మాత్రం ‘బుల్లమ్మ హోటాల్’ అని పడింది. బుల్లమ్మకు ఆ తేడా తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పబుద్ధి కాలేదు.

చూశారు కదా, అదీ ఆ హోటల్. దాన్ని మళ్లీ తెరవాలి. బుల్లమ్మకు ఆ ఏడంతా ఉన్న దిగులల్లా ఇదొక్కటే. మూసిన షెడ్డు ఉప్పుగాలికి నిలవదు. రేకులు తుప్పు పట్టి మూడుచోట్ల వాన దిగుతోంది. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. డిసెంబరు నాటికి టూరిస్టులు వస్తారని అంటున్నారు. ఆనాటికి పొయ్యి వెలగకపోతే, ఆ గిరాకీ పట్టుకోవడానికి రోడ్డు మొగలో అద్దాల తలుపుల రెస్టారెంటువాళ్లు సిద్ధంగా ఉన్నారు. నూకయ్యకు మోకాళ్లు పట్టేసి డుంగీ వారానికి రెండు రోజులే కదులుతోంది. గవరమ్మ పోర్ట్‌బ్లెయిర్‌లో చేసే ఫోన్ల దుకాణం ఉద్యోగం అప్పటికే పోయింది. ముగ్గురి బతుకూ ఆ ఆరు బల్లల మీద ఉంది.

అలాంటప్పుడు పంచాయతీ హాల్లో శిబిరం పెడుతున్నారని తెలిసింది. చిన్న వ్యాపారులు ప్యాకేజీకి దరఖాస్తులు ఇచ్చుకోవచ్చట. గవరమ్మ ఫారం తెచ్చింది. అందులో మొదటి గడిలోనే సంస్థ పేరు, రెండో గడిలో ఏ రకం వ్యాపారమో రాయమని ఉంది. నూకయ్య చుట్ట పక్కనపెట్టి, వలల షెడ్డనే రాయమన్నాడు. బెస్తవాళ్లకూ ఏదో ఇస్తామంటున్నారు, ఆ ఇచ్చేదేదో తీసుకుని నోరు మూసుకుందాం, కాగితం మీద ఉన్నదాన్ని కదపొద్దు అన్నాడు. ఆయన మాటలో బుద్ధి ఉంది. బుల్లమ్మకు కూడా అది తెలుసు. అయినా ఆ రోజు ఆమెకు మొండితనం పుట్టుకొచ్చింది.

“వలల షెడ్డులో ముప్పై ఏళ్లు వొండానా మావా నేను? తిన్నోళ్లందరూ ఓటలన్నారు. ఒక్కపాలైనా కాయితం మీద దాన్ని ఓటలనీ,” అంది.

నూకయ్య మళ్లీ చుట్ట అందుకున్నాడు. గవరమ్మ ఇంగ్లీషులో అచ్చుగుద్దినట్టు రాసింది. బుల్లమ్మ హోటల్. వండూర్ జెట్టీ రోడ్డు. ముప్పై రెండేళ్ల నుంచి. ఒక్కసారికి ఇరవైనలుగురు కూర్చోవచ్చు. పొయ్యిలు మూడు. బుల్లమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివించుకుని విన్నది. తన గురించి ఇంత పొడుగు రాత ఎప్పుడూ ఎవరూ రాయలేదు. చివర తెలుగులో, తనకు రాయడం వచ్చిన ఒకే ఒక్క మాట, తన పేరు పెట్టింది.

శిబిరంలో మాస్కు కట్టుకున్న ఆఫీసరు ఆ ఫారం చూసి మెచ్చుకున్నాడు. ఆడవాళ్లు ఇలా ముందుకు రావాలన్నాడు. పన్నుల్లో ఎంత తగ్గించారో, అప్పులు ఎంత సులువు చేశారో, కొత్తగా కంపెనీలు పెట్టేవాళ్లకు ఎన్నేళ్లు మినహాయింపో వరసగా చదివాడు. పన్ను తగ్గితే కంపెనీల దగ్గర డబ్బు మిగులుతుంది, వాళ్లు హోటళ్లు కడతారు, పనులు పుడతాయి, అందరూ బాగుపడతారు అని హిందీలో విడమరిచి చెప్పాడు. అంతా విన్నాక బుల్లమ్మ నెమ్మదిగా ఒక మాట అడిగింది.

“తినడానికి మనిసే రాకపోతే పన్నెవుడికి తగ్గిత్తారు బాబూ? ముందల జనం సేతిలో నాలుగు డబ్బులెట్టండి. ఆళ్లు వొత్తే తింతారు, తింటే మేం బతుకుతాం.”

గవరమ్మ దాన్ని హిందీలోకి మార్చి చెప్పింది. ఆఫీసరు నవ్వి, పెద్దమ్మ మంచి ప్రశ్న వేసిందని పక్కాయనతో అన్నాడు. ఫారం మీద ముద్ర వేసి లోపల పెట్టాడు. ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేదు. ఇంతవరకూ ఎవరైనా చెప్పారేమో నాకు తెలియదు.

నెలన్నరకు జవాబు వచ్చింది. ఇంగ్లీషు ఉత్తరం. గడచిన మూడేళ్లు కట్టిన పన్ను తాలూకు కాగితాలు జతచేయలేదు కనుక పన్ను రాయితీ వర్తించదు. స్థలం మీద హక్కు పత్రం లేదు కనుక అప్పు పరిశీలించలేం. గవరమ్మ రెండుసార్లు చదివి తల్లికి చెప్పింది. బుల్లమ్మకు మొదటి ముక్క అసలు ఎక్కలేదు. పన్ను కట్టేంత రాబడే ఉంటే ప్యాకేజీ ఎందుకు అడుగుతాను, అని ఆమె గోడు. కూతురు ఓపిగ్గా చెప్పింది. వాళ్లు ఇస్తున్నది డబ్బు కాదు, మనం కట్టేదాంట్లో కోత. కట్టనివాళ్లకు కోసేదేముంటుంది?

ఇది ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. ఆకలితో వచ్చి బల్ల ముందు కూర్చున్నవాణ్ణి, నిన్న తిన్న భోజనం బిల్లు చూపించు, అందులో తగ్గిస్తానని అన్నట్టుంది. నిన్న కూడా తిననివాడు ఏం చూపిస్తాడు? పోనీ బుల్లమ్మ పన్ను కట్టలేదా? ఆమె కొన్న నూనెలో కట్టింది, సబ్బులో కట్టింది, రేకులో, మేకులో, నూకయ్య డుంగీకి పోసిన డీజిల్లో కట్టింది. మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చిన ప్రతి ఉల్లిపాయ బస్తా మీదా ఇంతో అంతో కట్టే ఉంటుంది. అయితే ఆ పన్నుకు కట్టినవాళ్ల పేరుండదు. పేరున్న పన్నుకే తగ్గింపు. కోట్లు కట్టేవాడికి కోట్లు తగ్గాయి, లక్షలు కట్టేవాడికి లక్షలు తగ్గాయి, బుల్లమ్మకు సున్నాలో సగం తగ్గింది. దీన్ని ఉద్దీపన అంటారట. ఎవరు వెలిగారో వెలిగించినవాళ్లకే తెలియాలి.

ఇంతటితో ఆగినా బాగుండేది. రాలేదు, పోనీ అనుకుని ఎప్పటిలాగే బతికేసేవాళ్లు. రేకులకు తారు పూసుకుని, బియ్యం అరువు తెచ్చుకుని డిసెంబరుకు పొయ్యి వెలిగించేవాళ్లే. కానీ ఫారం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు నడిచింది. నవంబరులో రెండో ఉత్తరం వచ్చింది. వలలు దాచుకునేందుకు ఇచ్చిన ప్రభుత్వ స్థలంలో వాణిజ్యపరమైన హోటల్ నడుపుతున్నట్టు మీ సొంత దరఖాస్తు ద్వారా తెలిసింది. అనుమతి రద్దు చేయడమైనది. ముప్పై రోజుల్లో ఖాళీ చేయవలెను.

గవరమ్మ చదవడం మధ్యలో ఆపేసింది. “నేనే రాశాను అమ్మా,” అంది. ఆ మాటే నాలుగుసార్లు అంది.

మర్నాడు తల్లీకూతుళ్లు బస్సెక్కి పోర్ట్‌బ్లెయిర్ పోయారు. మిడిల్ పాయింట్‌లో ఒక మేడ మీద ఆ ఆఫీసు. అక్కడ గుమాస్తా గణేశ్వరరావు తెలుగువాడే, దీవిలోనే పుట్టినవాడు, బాంబూఫ్లాట్‌లో బుల్లమ్మ పుట్టింటి పక్క వీధి. తనిఖీకి వచ్చి ఆమె చేతి అన్నం తిన్నవాళ్లలో అతనూ ఒకడు. ఆమెను చూడగానే లేచి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. ఆ మర్యాద చూసి బుల్లమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది. తనను ఎప్పటినుంచో ఎరిగినవాడు కదా, వలల షెడ్డని మళ్లీ ఒక కాగితం రాసిస్తాను, అది తీసి ఇది పెట్టేయమని బతిమాలింది. సగంలో వలలు ఉన్నమాట అబద్ధం కాదు కదా అంది.

గణేశ్వరరావు ఫైలు చివరిదాకా తిప్పి చూశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

“పిన్నీ, ఇది కంప్యూటర్లో చఢ్ గయా, ఎక్కిపోయింది. ఇప్పుడు హోటల్ కాదంటే అప్పుడు జూఠ్ రాశావని కేసవుతుంది. హోటలే అంటే జాగా పోతుంది. మేమంతా అక్కడే తిన్నాం, అందరికీ మాలూమే. కానీ ఎవరూ కాయితం మీద పెట్టలేదు. నువ్వే పెట్టేశావు.”

“ప్యాకేజీలో ఓటళ్లకి ఇత్తామన్నారు గదా బాబూ.”

“ఆ హోటల్ వేరు పిన్నీ. ఆ హోటల్ అంటే గదులు, ఏసీ. మనోళ్లు అన్నం పెట్టే కొట్టును హోటలంటారు. అది మన తెలుగోళ్ల అలవాటు. సర్కారు భాషలో నీది హోటలే కాదు.”

అయితే మరి హోటల్ నడుపుతున్నానని ఎలా ఖాళీ చేయమన్నారు, అని గవరమ్మ అడిగింది. ఇవ్వడానికి హోటల్ కాదు, తీయడానికి మాత్రం హోటలా అని నిలదీసింది. గణేశ్వరరావు ఫైలు మూసి దారం కట్టాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ గదిలో చెడ్డవాళ్లెవరూ కనబడలేదు. అదే భరించలేని విషయం, ఎవరి మీద అరవాలో తెలియదు. చివరికి అతను చేయగలిగిన సాయం ఒక్కటే చేశాడు. కూల్చేవాళ్లు వస్తే రేకులు, దూలాలు బండిలో వేసుకుపోతారు, గడువు లోపలే మీరే విప్పేసుకోండి, సామానన్నా మిగులుతుంది అని చెప్పాడు.

తల్లీకూతుళ్లు తిరుగు బస్సెక్కారు. ఇంటికి వచ్చాక నూకయ్య సంగతంతా విన్నాడు. నేను ముందే చెప్పానని ఆయన అంటాడని బుల్లమ్మ ఎదురుచూసింది. అంటే తిరగబడి నాలుగు మాటలనేసి మనసు తేలిక చేసుకుందామనుకుంది. ఆయన ఆ మాట ఆ రోజు అనలేదు, ఆ తర్వాతా ఎన్నడూ అనలేదు. అంతకంటే తిట్టినా బాగుండేదని ఆమె చాలాసార్లు అనుకుంది.

గడువుకు నాలుగు రోజుల ముందు ముగ్గురూ కలిసి షెడ్డు విప్పారు. నూకయ్య మోకాళ్లు వంగక నిచ్చెన ఎక్కలేకపోతే గవరమ్మ ఎక్కింది. తుప్పు పట్టిన మేకులు రాక రేకులు చిరిగాయి. బాగున్నవి ఐదు దొరికాయి. బల్లలు ఇంటి పంచలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. పొయ్యి రాళ్లు తవ్వి తీయబోతే బుల్లమ్మ వద్దంది. ఎవరికైనా పనికొస్తాయంది. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో అన్నం వండలేదు. నలభై ఏళ్లలో ఆ ఇంట్లో పొయ్యి వెలగనిది సునామీ రోజున, మళ్లీ ఆ రోజున. గవరమ్మ చిన్నపిల్లలా, తప్పంతా నాదేనని వెక్కి వెక్కి ఏడ్చింది. బుల్లమ్మ కూతురి తల ఒళ్లోకి లాక్కుని నిమిరింది. తనకు ఏడుపు రాలేదు. ఏదో పెద్ద తప్పు చేసి దొరికిపోయిన సిగ్గు మాత్రం ఉంది. అన్నం వండి పెట్టినందుకు సిగ్గుపడటమేమిటని ఆమెకు ఎవరైనా చెప్పాల్సింది. ఎవరూ చెప్పలేదు.

డిసెంబరులో టూరిస్టులు వచ్చారు. ముందు పదిమంది, తర్వాత వందమంది. జెట్టీ దిగి అటూ ఇటూ చూసి రోడ్డు మొగకు పోయేవారు. నూకయ్య డుంగీ మీద తెచ్చిన చేపను ఇదివరకు బుల్లమ్మ వండేది, ఇప్పుడు ఒడ్డునే దళారీ తూకం వేసుకుపోతున్నాడు. గవరమ్మ మళ్లీ పోర్ట్‌బ్లెయిర్ పోయి ఒక మందుల దుకాణంలో కుదిరి, అక్కడే ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉంటోంది. వారానికోసారి వచ్చేది కాస్తా నెలకోసారి అయింది. వచ్చినా జెట్టీ రోడ్డు వైపు వెళ్లదు. చుట్టూ తిరిగి పొలాల గట్టు మీద నుంచి ఇంటికొస్తుంది.

ఏడాది గడిచాక ఆ ఒడ్డుకు కంచె పడింది. మెయిన్‌లాండ్ నుంచి ఒక కంపెనీ వచ్చి రిసార్టు కట్టడం మొదలుపెట్టింది. బుల్లమ్మ షెడ్డు తర్వాత పక్క షెడ్లు కూడా తీయించిన జాగా అంతా కలిపి వాళ్లకు లీజుకిచ్చారు. ఇది మొదటి నుంచీ అనుకున్నదేనా, ఖాళీగా ఉంది కదా అని ఇచ్చారా అన్నది నేను చెప్పలేను. నాకు తెలిసింది ఒకటే. దీవుల్లో డబ్బు పెట్టినందుకు ఆ కంపెనీకి కొన్నేళ్లపాటు పన్ను లేదు. శిబిరంలో ఆఫీసరు చదివిన జాబితా వాళ్ల విషయంలో మాత్రం అక్షరాలా జరిగింది. వాళ్ల దగ్గర డబ్బు మిగిలింది, హోటల్ కట్టారు, పనులు కూడా పుట్టాయి. పదిహేను పనులు. తోటకు, ఊడవడానికి, బట్టలుతకడానికి స్థానికంగా ఆడవాళ్లు కావాలని కబురు పెట్టారు.

బుల్లమ్మ వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది? నూకయ్య అప్పటికి డుంగీ ఎక్కడం పూర్తిగా మానేశాడు. వంట వచ్చునని చెప్పింది. వంటకు చదువుకున్నవాళ్లు, కోల్‌కతా నుంచి వస్తున్నారన్నారు. ఇసుక మీద రాలిన ఆకులు ఊడ్చే పని ఇచ్చారు. పొద్దున్నే ఒడ్డంతా శుభ్రంగా గీతలు పడేలా ఊడవాలట, అతిథులు లేచేసరికి మనిషి అడుగు కనబడకూడదట. తన పొయ్యి ఉన్న చోట ఇప్పుడు నీళ్లు చిమ్మే ఒక రాతి చేప ఉంది. దాని చుట్టూ కూడా ఊడ్చింది.

మూడో నెలలో మేనేజరు ఆఫీసుకు పిలిచాడు. పాతికేళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు, అందర్నీ ఆంటీ అంటాడు. పన్ను మినహాయింపు కోసం సర్కారుకు పంపాల్సిన కాగితాలట. ప్యాకేజీ వల్ల ఎంతమందికి కొత్తగా పని దొరికిందో పేరు పేరునా రాసి, ఫొటో అంటించి సంతకాలు తీసుకోవాలి. చీపురు పట్టుకుని నిలబడమని బుల్లమ్మకు ఫొటో తీశారు. తర్వాత అతను హిందీలో ఒక్కొక్క గడీ చదువుతూ నింపాడు. పేరు, ఊరు, వయసు. ఇదివరకు చేసిన పని అన్న గడి దగ్గర ఆగి, ఏమీ లేదని రాస్తున్నానన్నాడు.

“ఓటల్ థా సాబ్,” అంది బుల్లమ్మ. “బత్తీస్ సాల్.” ముప్పై రెండేళ్లని.

కుర్రాడు కలం ఎత్తి ఆమె వైపు చూశాడు. ముందే పని ఉన్నవాళ్లయితే లెక్కలోకి రారని, కొత్తగా పని దొరికినవాళ్లకే కంపెనీకి పన్ను తగ్గుతుందని నెమ్మదిగా వివరించాడు. లెక్కలోకి రానివాళ్లను ఉంచుకోవడం కష్టమని కూడా అన్నాడు. బెదిరించినట్టు అనలేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు. ఆ తర్వాత, నిజంగానే హోటల్ ఉండేదా, ఏదైనా సర్కారు కాగితం ఉందా అని అడిగాడు.

ఉంది. ఆమె బతుకులో తన హోటల్‌ను హోటలని రాసిన సర్కారు కాగితం ఒక్కటే ఉంది. అది ముప్పై రోజుల్లో ఖాళీ చేయమన్న నోటీసు. ఇంట్లో బియ్యం డబ్బా కింద మడతపెట్టి దాచింది. ఎందుకు దాచిందో ఆమెనెవరూ అడగలేదు.

“కాయితం నహీ హై సాబ్,” అంది.

కుర్రాడు గడి నింపాడు. నింపింది ఆమెకు చదివి వినిపించాడు. ఇంతకు ముందు ఏ పనీ లేదు. వేలు పెట్టి చూపించిన చోట బుల్లమ్మ వంగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది.